గాజుల హబీబమ్మ ఇంటి తాళం

సొంత ఇంటి అరుగు మీద పరాయిదాని లెక్క కూసునుడు ఎట్లుంటదో హబీబున్నీసాను అడగాలె. జహీరాబాద్‌ల మసీదు సందుల ఆమె ఇల్లు. చిన్న పెంకుటిల్లు, ముంగట అరుగు, లోపల ఒక అర్ర, అర్ర మూలకు లక్క కరగబెట్టే కుంపటి. పంతొమ్మిది వందల నలభై తొమ్మిది ఎండకాలం వచ్చేటాళ్లకు ఆ తలుపుకు సర్కారోళ్ల తాళం వడి ఉన్నది. తాళానికి గుడ్డ చుట్టి, గుడ్డ మీద లక్క వోసి ముద్ర కొట్టిన్రు. జిందగీ అంత లక్క కరగబెట్టుకోని బతికిన ఇంటికి లక్కతోనే సీలేసిపోయిన్రు. అది జూసినప్పుడల్లా ఆమెకు కడుపు మండేది. వేసినోనికి లక్క కరగబెట్టుడు గూడ రాదని తిట్టుకునేది. మంట ఎక్కువైతే లక్క మాడుతది, మాడిన లక్క గోటితోని గీకినా రాలుతది. గీకుదామని ఎన్నిసార్లు చెయ్యి ముంగటికి పోయిందో, అన్నిసార్లు ఎనకకొచ్చింది. సర్కారు ముద్ర గీకితే జైలు అని సందుల అందరు చెప్పిన్రు.

హబీబున్నీసా అంటే జహీరాబాద్ బజార్ల ఎవలు గుర్తువట్టరు. గాజుల హబీబమ్మ అంటే మాత్రం ఇటు చిరాగ్‌పల్లి దాంక, అటు రాయికోడ్ దాంక ఏ ఇంట్లనైనా ఆడోళ్లు గుర్తువడుతరు. మొగడు నసీరుద్దీన్ కుంపటి ముంగట కూసోని లక్కగాజులు జేసేటోడు. మెత్తటి లక్కను పీట మీద దొర్లిచ్చి, సాగదీసి, గుండ్రంగ వంచి, ముక్కుపుల్లంత అద్దం ముక్కలు అతికిచ్చేటోడు. ఆమె ఆ గాజులు, ఆయన పట్నం నుంచి తెచ్చిన మట్టిగాజులు మలారానికి గుచ్చుకోని, భుజానేసుకోని ఊర్లు తిరిగేది.

గాజులామె పెద్ద దర్వాజల నుంచి రాదు. ఎనక దర్వాజల నుంచి, ఆడోళ్లు ఉండే దిక్కుకెంచి వస్తది. వంటింటి గడప కాడ కూసుంటది. చేతులు వట్టుకోని పిసుకుతది, నవ్విస్తది, కొత్త పెండ్లికూతురు ఏడిస్తె కసురుతది. గాజులు తొడిగి, చేటెడు జొన్నలు కొంగుల వోసుకోని పోతది. తొడిగిచ్చుకున్నామె చేతులు కండ్లకద్దుకోని ఆమెకు దండం వెడతది. ఆ ఇంటి మొగోళ్లకు ఆమె గొంతు ఎరుక గని మొకం ఎరుకుండది. ఇన్నేండ్లల్ల అది ఆమెకు తప్పనిపించలే. మొగోళ్లతోని మనకేం పని అనుకున్నది. సర్కారు కాడ చెల్లేది ఆ మొగోళ్ల మాటనే అని తర్వాత తెలిసింది.

అంతకుముందు రెండేండ్లు ఎవలకు సుఖం లేకుండె. ఖాకీ బట్టలేసుకున్న రజాకార్లు ఊర్ల మీద వడి, దొరికింది తిని, దొరకంది కాలవెట్టిపోయిన్రు. నసీరుద్దీన్ తమ్ముడు ముఖ్తార్ గూడ ఆ ఖాకీ తొడిగి, కట్టె భుజాన వెట్టుకోని బజార్ల కవాతు జేసిండు.

"ఏ ఇంటి ఆడోళ్లు మన గాజులు తొడుక్కుంటున్నరో ఆ ఇంటి మీదికే కట్టె వట్కపోతవా? సిగ్గులేదా నీకు?" అని నసీరుద్దీన్ తమ్మున్ని నలుగుట్ల తిట్టిండు.

ముఖ్తార్ అన్నతోని మాట బందువెట్టిండు. వాని దోస్తులు వచ్చి నసీరుద్దీన్ అరుగు మీద ఉమ్మిపోయిన్రు. పిరికోడన్నరు, ముసల్మానే గాదన్నరు. వాళ్లకు ఆయన సరిపోయేంత ముసల్మాన్ గాకుండె. తర్వాత కట్టెలు వట్కోని వచ్చినోళ్లకు మాత్రం సరిపోయిండు.

నలభై ఎనిమిది భాద్రపదంల షోలాపూర్ సడక్ మీదికెంచి హిందుస్తాన్ ఫౌజు వచ్చింది. లారీల ఎనక లారీలు, ట్యాంకులు. చూస్తుండంగనే నిజాం సర్కారు చేతులెత్తింది. ఖాకీలు ఏసుకున్నోళ్లు ఆ ఖాకీలు బాయిల్ల వారేసి పట్నం ఉరికిన్రు. ముఖ్తార్ అందరికన్న ముంగట ఉరికిండు. ఖాకీ ముట్టనోళ్లు, మేమేం జేసినం, మాకేం ఫికర్ అని ఇండ్లల్లనే ఉన్నరు. దెబ్బలన్ని ఈ ఉన్నోళ్లకే తాకినయ్.

ఫౌజు వచ్చిన దినం హబీబున్నీసా చిరాగ్‌పల్లి అవతల ఒక చిన్న ఊర్ల ఉండె. ఆ ఊరి పటేల్ గురులింగప్ప ఇంట్ల, ఆయన భార్య తారాబాయికి గాజులు తొడుగుతున్నది. సడక్ బందయ్యింది. తారాబాయి ఆమెను పోనియ్యలే. ఇద్దరికి ఒకటే ఈడు. తారాబాయి కొత్తకోడలై ఆ ఇంట్ల అడుగువెట్టినంక మొదటి గాజులు తొడిగింది హబీబమ్మనే. అప్పటికెంచి ఒకలి కష్టం ఒకలు చెప్పుకునేటోళ్లు.

తర్వాత ఒక్కొక్క ఊరి ముచ్చట చెవులవడ్డది. కట్టెలు, గొడ్డండ్లు వట్కోని గుంపులు తిరుగుతున్నయట. ఆడోళ్లను నిలవెట్టి తడిబట్టతోని నొసలు తుడుస్తున్నరట. కుంకుమ వోతే, ఇది తురకల పిల్ల అని గుంజకవోతున్నరట.

"అట్లయితే తుడిస్తె పోని బొట్టు వెట్టాలె" అన్నది తారాబాయి.

ఆ ఇంట్ల పనిజేసే ముసలి నారమ్మకు పచ్చబొట్లు పొడుసుడు వస్తుండె. సూదులు కట్టగట్టి, పసర్ల మసి కలిపి, హబీబున్నీసా నొసటి నడుమ కందిగింజంత బొట్టు పొడిచింది. తారాబాయి ఆమె తలకాయను ఒళ్లె వెట్టుకోని కదలకుంట వట్టుకున్నది. పొడుస్తున్నంత సేపు హబీబున్నీసా కల్మా సదువుకున్నది, నారమ్మ తన దేవుళ్లను తలుసుకున్నది, ఎవల పని వాళ్లు జేసుకున్నరు. పసుపు రాసిన్రు. కొన్ని దినాలకు వాపు తగ్గి బొట్టు పచ్చగ నిలవడ్డది.

వాపు తగ్గినంకనే గుంపు వచ్చింది. బైటి ఊర్లోళ్లే ఎక్కువ, గని ఈ ఊరోళ్లు గూడ కలిసిన్రు. గురులింగప్ప తమ్ముడు చెన్నబసప్ప ముంగట్నే ఉండె. రజాకార్లు వాని గడ్డివాము కాలవెట్టిన్రు, వాన్ని కట్టేసి కొట్టిన్రు. వాని కడుపుల మంట నిజమే, కాదనలేం. ఆ మంట సల్లార్చుకున్నది మాత్రం కాలవెట్టినోళ్ల మీద గాదు. సరిగ్గ ఆ దినమే నసీరుద్దీన్ భార్యను వెదుక్కుంట ఆ ఊర్లకొచ్చి, చెరుకుతోట కాడ వాళ్ల చేతుల వడ్డడు. ముందుగాల పటేల్ వాకిట్లకు గుంజుకొచ్చి ఆడోళ్ల ముంగట నిలవెట్టిన్రు. అక్కడ ఆయన ఒక్క మాటన్నడు. తర్వాత మళ్ల చెరుకుతోటకే గుంజకవోయి, నట్టపగలు, గట్టు మీద కొట్టి చంపిన్రు. పటేలింటి జీతగాడు సంగయ్య ఆ గట్టు పక్కకే బొంద వెట్టిండు. మొగడు వాకిట్ల అన్న మాటను హబీబున్నీసా ఎవలకు చెప్పలే, కడుపుల వెట్టుకున్నది.

ముసల్మాన్లల్ల మొగడు సచ్చిపోతే ఆడిది ఇద్దత్ కూసోవాలె. నాలుగు నెలల పది దినాలు మొగని ఇంట్లనే ఉండాలె, గడప దాటొద్దు, రంగు చీర కట్టొద్దు, గాజులు ఏసుకోవద్దు. సుట్టాలు, సందుల ఆడోళ్లు వచ్చి పక్కకు కూసుంటరు. "ఎట్లయ్యిందమ్మా, జర చెప్పు" అని అడుగుతరు. అడిగినామెకల్లా మొదటికెంచి కడదాంక చెప్పాలె. చెప్పంగ చెప్పంగ ఏడుపొస్తది, ఏడ్వంగ ఏడ్వంగ గుండె జర తేలికవడతది. అది ఆ మనుషుల పద్ధతి. హబీబున్నీసా మాత్రం చలికాలమంత పటేలింటి పశువుల కొట్టంల ఎల్లదీసింది. గాజులు తీస్తె అనుమానం వస్తది, ఏడిస్తె ఎవలన్న వింటరు. మొగడు సచ్చినామె చేతినిండ గాజులేసుకోని ముత్తైదువ లెక్క తిరిగింది. అన్నిట్లకన్న ఆమెను కాల్చుకతిన్నది ఇదే. ఎట్లన్న జేసి ఇల్లు జేరి ఆయన కోసం ఇద్దత్ కూసోవాలె, ఒక్కసారి నోరు తెరిచి ఏడ్వాలె. ఆమెకు ఇంకేం వద్దు.

లొల్లి సద్దుమణిగినంక జహీరాబాద్ వచ్చి చూస్తె తాళం. సందుల సగం ఇండ్లకు అట్లనే వడ్డయ్. ఇంటాయన పాకిస్తాన్ పోయిండనుకున్న ఇల్లల్లా సర్కారు తన చేతుల వెట్టుకున్నదట. ఆమె కచేరీకి పోయింది. చెట్టు కింద పొద్దంత కూసున్నంక, కాగితాలు చూసే పేష్కార్ పిలిచిండు.

"పేరేంది?"

"హబీబున్నీసా. నసీరుద్దీన్ గాజులాయన బేవాను సాబ్, ఆయన సచ్చిపోయిండు."

పేష్కార్ తలెత్తి ఆమె నొసలు జూసి నవ్విండు. "పచ్చబొట్టు పొడిపిచ్చుకున్న హబీబున్నీసాను ఇప్పుడే చూస్తున్న. ఖాళీ ఇండ్లున్నయని ఎవలు చెప్పి తోలిచ్చిన్రమ్మా నిన్ను?"

ఎందుకు పొడిచిన్రో, ఎవలు పొడిచిన్రో ఆమె చెప్పవోయింది. ఆయన చెయ్యి అడ్డం వెట్టిండు.

"ఆ కథలు మాకొద్దు. ఇద్దరు పెద్దమనుషులను తోల్కరా. నువ్వు ఆయన పెండ్లానివే అని, ఆయన పాకిస్తాన్ పోలేదని, నువ్వు పోలేదని వాళ్లు గవాయి చెప్పాలె. ఆడోళ్ల గవాయి నా కాడికి తేవద్దు. అప్పుడు చూద్దాం, నువ్వు ఈ దేశం దానివో కాదో."

"పాకిస్తాన్ ఏ దిక్కుకున్నదో నాకెరుక లేదు సాబ్. నేను రాయికోడ్ దాటి పోలే."

"అందరు అట్లనే అంటరు" అని పేష్కార్ ఇంకొకల్ని పిలిచిండు.

పెద్దమనుషుల గవాయి అంటే సొంతోళ్లకన్న ఎవలు దగ్గర అనుకోని మరిది కాడికి పోయింది. ముఖ్తార్ పట్నం నుంచి వాపసొచ్చిండు. ఇప్పుడు గడ్డం వెంచిండు, మసీదుల ముంగటి వరుసల నిలవడుతున్నడు, సందుల నలుగురు ఆయన మాట వింటున్నరు. ఆమెను జూసి మొకం పక్కకు తిప్పుకున్నడు.

"భాబీ అని పిలుసుడు గూడ మరిసినవా?" అన్నది హబీబున్నీసా.

"ఏ మొకంతోని పిలువాలె? నొసటి మీద అది వెట్టుకోని మసీదు సందుల కూసుంటున్నవ్. నువ్వు వాళ్లల్ల కలిసినవ్. నిఖా ఎప్పుడో తెగింది. అన్న ఇల్లు అన్న ఖాందాన్‌కు రావాలె."

"నువ్వు కట్టె వట్కోని తిరిగినవ్, మీ అన్న తిరగలే. నువ్వు బతికినవ్, మీ అన్న సచ్చిండు. ఇప్పుడు ఇల్లు గూడ నీకే గావాల్నా?"

ఎవలన్న విన్నరేమో అని ముఖ్తార్ అటిటు జూసిండు. "నేనెన్నడు ఏ కట్టె వట్టలే" అన్నడు.

"సరే, వట్టలే. ఇద్దత్ దినాలు ఇంట్ల కూసోనియ్యి. ఎల్లినంక ఇల్లు నువ్వే తీస్కో, నేను రాయికోడ్‌ల మీ అక్క కాడికి పోత."

"ఇద్దత్ ఎప్పుడో ఒడిసింది. సచ్చిన దినం నుంచి లెక్క."

"నేను కూసోలే గద."

"కూసున్నా కూసోకున్నా ఒడుస్తది. మౌల్వీసాబ్‌ను అడుగుపో."

ఆమె అడగలే. మౌల్వీసాబ్ గూడ అదే చెప్తడని ఆమెకు ఎరుకే. దినాలు ఒడిస్తె ఒడిసినయ్, నా ఏడుపు ఒడిసిందా అనుకున్నది. అరుగు మీదికి వచ్చి తాళం దిక్కు చూసుకుంట కూసున్నది. ఒక దిక్కోళ్లు ముసల్మాన్ గాదని ఇంట్లకు రానియ్యరు, ఇంకో దిక్కోళ్లు ముసల్మానే అని ఇల్లు గుంజుకుంటరు. ఏ దిక్కోళ్లనని తిట్టాలె?

ఇగ మిగిలింది ఒక్క దర్వాజ. పొద్దున్నే లేసి చిరాగ్‌పల్లి దిక్కు నడిచి, తారాబాయి ఇంటి ఎనక దర్వాజల కూసున్నది. తారాబాయి సంగతంత విని మొగన్ని పిలిపిచ్చింది. ఇన్నేండ్లల్ల గురులింగప్ప హబీబున్నీసాతోని ఎదురుంగ మాట్లాడుడు అదే మొదలు. మంచాయననే, చెడ్డోడు గాదు. పేష్కార్ సుత లేసి నిలవడి దండంబెట్టే మనిషి.

"గవాయి చెప్త" అన్నడు పటేల్. "రెండోది జహీరాబాద్‌ల కిరాణం గుండయ్యతోని చెప్పిస్త, నా మాట కాదనడు. గని ఒక్కటి చూసుకోవాలె. నసీరుద్దీన్ ఎట్ల సచ్చిండని అడుగుతరు. పాకిస్తాన్ పోయిండంటే నీ ఇల్లు పోతది. కొట్టి చంపిన్రంటే, ఎవలని అడుగుతరు. నా తమ్ముని మీదికి నేను గవాయి చెప్తనా? అందుకని గత్తరొచ్చి సచ్చిండందాం. మొన్నటేడు అక్కడక్కడ గత్తర ఉండె గూడ. వాంతులు, బేదులు, ఒక్క దినంల పాణం వోయింది. గత్తర ఎవల మీదికి పోదు."

"మన వాకిట్ల నిలవెట్టింది మరిసినవా?" అన్నది తారాబాయి.

"నువ్వు లోపలికి పో."

తారాబాయి లోపలికి పోలే. చేతి గాజులు అటిటు తిప్పుకుంట అన్నే నిలవడ్డది. పటేల్ పోయినంక తారాబాయి వచ్చి హబీబున్నీసా పక్కన కూసున్నది. "నేను వెట్టిచ్చిన బొట్టే నీకు అడ్డం వడ్డది హబీబా. ఇప్పుడు ఈ అబద్ధం గూడ నా ఇంటికెంచే" అని ఏడ్చింది.

"బొట్టు వెట్టకుంటే నేను గూడ ఆ గట్టు కిందనే ఉందును. ఏడ్వకు తారక్కా" అన్నది హబీబున్నీసా. ఏడ్వాల్సింది తానైతే ఓదార్సుడు గూడ తన మీదనే వడ్డదని లోపల చికాకు వుట్టింది. తొవ్వ పొడుగూత తనకు తాను చెప్పుకున్నది. నోటి మాటదేముంది, తలుపు తెరుచుకుంటే చాలు, లోపల కూసోని ఆయనకు జరిగింది జరిగినట్టు తలుసుకోని ఏడుస్త అనుకున్నది.

కచేరీల ఈసారి చెట్టు కింద కూసోవెట్టలే. పటేల్‌కు కుర్చీ ఏసిన్రు. దూరం నుంచి బదిలీ మీద వచ్చిన కొత్త దొర బల్ల ఎనక కూసున్నడు. ఆయనకు ఈ దిక్కు మాట రాదు, పేష్కార్ నడుమ నిలవడి చెప్తున్నడు. గురులింగప్ప చెప్పిండు, గుండయ్య తలూపిండు. అప్పుడు దొర హబీబున్నీసా దిక్కు వేలు జూపి ఏదో అడిగిండు.

"మీ ఆయన ఎట్ల వోయిండో నువ్వు చెప్పాలెనట" అన్నడు పేష్కార్.

ఆమె పటేల్ దిక్కు జూసింది. గురులింగప్ప తన చెప్పుల దిక్కు జూసుకుంటున్నడు.

"గత్తర" అన్నది.

"గట్టిగ చెప్పు."

"గత్తరొచ్చి సచ్చిపోయిండు సాబ్."

దొర తల గూడ ఎత్తలే, పని అయిపోయింది. పేష్కార్‌కు ఇప్పుడు ఆమె నొసలు కానొస్తలేదు. నిజం చెప్పవోయినన్ని దినాలు ఎవలకూ గాని మనిషి, ఒక్క అబద్ధానికి ఈ దేశం మనిషయ్యింది. బైటికొచ్చినంక పేష్కార్ ఎనకనుంచి పిలిచిండు. "పటేల్‌సాబ్ మాట మీద ఇస్తున్నం. ఆయన మాట ఎనకకు తీసుకుంటే తాళం మళ్ల వడతది, యాదివెట్టుకో" అన్నడు.

జవాను వచ్చి సీలు ఇప్పిండు. ఆమె అనుకున్నట్టే లక్క పెళ్లలు పెళ్లలుగ రాలింది. లోపల కుంపట్ల బూడిద అట్లనే ఉన్నది. పీట మీద నసీరుద్దీన్ సగం జేసి ఇడిసిపెట్టిన గాజు ఉన్నది, సగానికే అద్దాలున్నయ్. హబీబున్నీసా గడప లోపల కూసోని చేతి గాజులు రాయితోని పలగ్గొట్టుకున్నది. తెల్ల చీర కట్టుకోని, తలుపు ఓరగ ఏసి, ఇద్దత్ కూసున్నది.

మొదటి దినమే పక్కింటి రషీదా వచ్చింది. దగ్గర కూసోని, చెయ్యి వట్టుకోని, "ఎట్లయ్యింది హబీబా, జర చెప్పు" అన్నది.

హబీబున్నీసా నోరు తెరిచింది. అరుగు మీద ఎవలో కూసోని బీడీ తాగుతున్నరు. కచేరీ మాట యాదికొచ్చింది. "గత్తర" అన్నది.

అంతే. తర్వాత చెప్పనీకి ఏమున్నది? గత్తరకు ముందుమాట లేదు, ఎనకమాట లేదు. వాంతులైనయ్, సచ్చిండు. రషీదా అల్లా పేరు దలిచి, జొన్నల ధర ముచ్చట వెట్టింది. హబీబున్నీసాకు ఏడుపు రాలే. ఆమె పోయినంక ఒక్కతే కూసోని ఏడ్వ జూసింది, అప్పుడు గూడ రాలే. నలుగుట్ల చెప్పకుంట లోపల్లోపల ఏడ్సుడు ఆమెకు అలవాటు లేదు, పశువుల కొట్టంల గూడ చేతగాలే. ఇంకో ఆమె వచ్చింది, ఇంకో ఆమె వచ్చింది. అందరికి అదే మాట. దినాలు పోతున్నయ్, గుండె మీద బండ అట్లనే ఉన్నది. ఎందుకొచ్చిన ఇల్లు ఇది అని గోడకు తల కొట్టుకునేది. ఏడ్వనీకి ఇల్లు అడిగింది, ఇల్లు ఇచ్చి ఏడుపు గుంజుకున్నరు. గురులింగప్ప సంగయ్యతోని జొన్నపిండి పంపేటోడు. సంగయ్య పిండి దించి, తల గోక్కుంట, "ఎవలతోనన్న ఏమన్న అన్నవా అని పటేల్ అడగమన్నడమ్మా" అనేటోడు. ఏమనలే అని చెప్పి తోలిచ్చేది.

ఒక అంగడి దినం రాయికోడ్ నుంచి ఎద్దులబండి వచ్చి సందు మొదట్ల ఆగింది. నసీరుద్దీన్ అక్క షరీఫున్నీసా దిగింది. తల్లి సచ్చిపోతే నసీరుద్దీన్‌ను ఎత్తుకోని సాదింది ఆమెనే. మోకాళ్ల నొప్పులతోని గోడలు వట్టుకుంట వచ్చి లోపల కూసున్నది. మరదలి నొసటి మీది బొట్టు జూసింది గని ఏమనలే. అప్పుడే సంగయ్య పిండిమూట తెచ్చి అరుగు మీద దించి ఉన్నడు.

"చెప్పమ్మా" అన్నది షరీఫున్నీసా. "నా తమ్ముడు ఎట్ల వోయిండు?"

అలవాటు వడ్డ నాలుక. ఆలోచన రాకముందే అన్నది. "గత్తర, ఆపా."

షరీఫున్నీసా నిమ్మలంగ అన్నది, "చెరుకుతోట అని నాకు తొవ్వపొంటి పోయేటోళ్లు చెప్పిన్రు. పరాయోళ్ల నోటికెంచి విన్న. నీ నోటికెంచి విందామని ఈ మోకాళ్లు వట్టుకోని వచ్చిన. నువ్వు గూడ గత్తరే అంటున్నవ్."

హబీబున్నీసా అరుగు మీది సంగయ్య దిక్కు జూసింది.

"నువ్వు వాళ్లల్ల కలిసినవని ముఖ్తార్ కబురంపితే నమ్మలే. నొసటి మీద బొట్టు చూసి గూడ నమ్మలే. ఇప్పుడు నమ్ముతున్న" అని లేసింది. గిలాసల నీళ్లు ముట్టలే. గడప దాటి, గోడ వట్టుకోని, బండి దిక్కు నడిచింది.

హబీబున్నీసా దర్వాజ దాంక ఉరికి గడప కాడ ఆగింది. ఇద్దత్‌ల ఉన్నామె గడప దాటొద్దు. ఈ గడప లోపల కూసునేటందుకే కచేరీల నోరు అమ్ముకున్నది. బైట కాలువెట్టి నోరు తెరిస్తె ఇద్దత్ పోతది, పటేల్ మాట పోతది, ఇల్లు పోతది. అరుగు మీద సంగయ్య ఆమె మొకమే చూస్తున్నడు. సందు అవతల షరీఫున్నీసా ఒక్కొక్క అడుగేసుకుంట పోతున్నది, నడక అచ్చం నసీరుద్దీన్ నడకే. హబీబున్నీసాకు ఒక్కసారి ఒళ్లంత కోపం వచ్చింది. ముఖ్తార్ మీద, పటేల్ మీద, దొర మీద, అందరికన్న తన మీద వచ్చింది. ఏ ఇద్దత్ ఇది, ఎవల కోసం ఇది, ఆయన సావునే దాచిపెట్టుకోని ఆయన కోసం కూసునుడేంది అనుకున్నది. తాళం ఎవలేసుకుంటరో ఏసుకోని అని గడప దాటింది.

నడి సందుల ఆడిబిడ్డ చెయ్యి అందుకోని మట్టిల కూసున్నది. అంగడి దినం, సందు నిండ మనుషులున్నరు. మసీదు మెట్ల మీద ముఖ్తార్ ఉన్నడు. ఆమె ఎవల్ని చూడలే.

"గత్తర గాదు ఆపా. కొట్టి చంపిన్రు. చెన్నబసప్ప ముంగటున్నడు, గుంపు ఎనకున్నది. ఆయన నాకోసం వచ్చిండు. పటేల్ వాకిట్ల మమ్మల్ని వరుసగ నిలవెట్టి, వీళ్లల్ల నీ పెండ్లాం ఎవలో చూపియ్యమన్నరు. చూపిస్తె ఇడిసిపెడతం అన్నరు. ఆయన నా నొసటి బొట్టు జూసిండు. జూసి, 'వీళ్లంతా హిందువుల ఆడోళ్లు, నేను ఎవల్ని ఎరుగ' అన్నడు. తారక్క నా చెయ్యి పిసికి వట్టుకున్నది, గాజులు పలిగి రక్తం కారింది, నేను నోరు తెరవలే. ఆయనను గుంజకపోతుంటె గూడ తెరవలే. అప్పుడు తెరవలే ఆపా, తర్వాత తెరిచి గత్తరన్న."

షరీఫున్నీసా మోకాళ్లు వట్టుకోని మెల్లగ ఆమె పక్కకు మట్టిల కూసున్నది. సంగయ్య పిండిమూట మళ్ల భుజాన వెట్టుకోని చిరాగ్‌పల్లి తొవ్వ వట్టిండు. ఇద్దరి ఎనక ఆ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉన్నది. హబీబున్నీసాకు ఏడాది సంది రాని ఏడుపు వచ్చింది.

షరీఫున్నీసా ఆమె తల తన భుజాన వెట్టుకున్నది. "మొదటికెంచి చెప్పు" అన్నది. "నువ్వు గాజులు ఎత్తుకోని ఎల్లిన పొద్దున వాడు ఏం తిన్నడు?"

హబీబున్నీసా కండ్లు తుడుసుకోని మొదటికెంచి చెప్పవట్టింది.